ఇంజను చక్రానికి మా ఆవిడ కొలత

నవ్వబోమని ముందు మాటివ్వండి, అప్పుడు చెప్తాను. మాటిచ్చి నవ్వినా ఫరవాలేదు లెండి. ఊరంతా ఎలాగూ నవ్వేసింది. మీ నలుగురూ కలిసినంత మాత్రాన కొత్తగా పోయే పరువేమీ మిగల్లేదు.

మా రైలు వర్క్‌షాపులో ఒకప్పుడు ‘గయ్యాళి’ అనే ఆవిరి ఇంజను ఉండేది. కాగితాల్లో దానికేదో నంబరుండేది గానీ ఎవరూ ఆ నంబరుతో పిలిచిన పాపాన పోలేదు. దాని కూత అలాంటిది. రెండు మైళ్ళ అవతల కూసినా ఇళ్ళల్లో అత్తాకోడళ్ళు పోట్లాట ఆపి, ‘ఇది మనకంటే పెద్ద గొంతు’ అని ఒప్పేసుకునేవాళ్ళు.

ఆ గయ్యాళిని పాతికేళ్ళు నడిపినవాడు మా మావగారు. ఆయనకి అది పెద్దకూతురు, మా ఆవిడ రెండో కూతురు. పెద్దదాన్ని రోజూ నూనె గుడ్డతో తుడిచేవాడు, చిన్నదాన్ని నువ్వే తుడుచుకోమనేవాడు. ఆయన రిటైరైన ఏడాదే గయ్యాళిని ముక్కలు చేసి తుక్కు కింద అమ్మేశారు. కొలతలతో గీసిన దాని బొమ్మలన్నీ చెదలు తినేశాయి. ఆయన ఆ తరవాత రైలెక్కలేదు, ఎక్కడికైనా బస్సులోనే వెళ్ళేవాడు.

ఇప్పుడు రిటైరైనవాళ్ళం పదకొండు మందిమి చేరి, గయ్యాళిని మళ్ళీ కొత్తగా కట్టాలని తీర్మానించాం. బొమ్మ ఇంజను కాదు. నిప్పేసి నీళ్ళు పోస్తే నడిచే అసలు సిసలు ఇంజను. ఇంట్లో ఉంటే పెళ్ళాలు కూరలు తరగమంటున్నారన్న కారణం మాత్రం తీర్మానంలో రాయలేదు.

బొమ్మలు గీసే పని నాది. సర్వీసంతా నేను చేసిందదే. ముప్ఫై రెండేళ్ళలో ఒక్కటంటే ఒక్క తప్పు చేశాను. క్యాంటీన్ తలుపు గీసేటప్పుడు పొడుగు దగ్గర వెడల్పూ, వెడల్పు దగ్గర పొడుగూ వేశాను. వడ్రంగులు కాగితంలో ఉన్నట్టే చేశారు. ఆ తరవాత పదిహేనేళ్ళు వర్క్‌షాపు మొత్తం నడుం వంచి లోపలికెళ్ళి టీ తాగింది. ఇన్నేళ్ళయినా నన్ను చూస్తే వాళ్ళకి గుర్తొచ్చేది ఆ తలుపే. అందుకే, ఈ ఇంజను బొమ్మలో వెంట్రుకవాసి తేడా రాకూడదని పంతం పట్టాను. చచ్చేలోగా ఒక్క బొమ్మ సరిగ్గా గీశానని అనిపించుకోవాలి, అంతే.

సరే, గీయడానికి కొలతలేవీ? ఒక్కొక్కరు ఒక్కో అంకె చెప్పారు. పెద్ద చక్రం భుజం దాకా వచ్చేదని ఒకడు, గడ్డం దాకా అని ఇంకొకడు. ఎవడి భుజం, ఎవడి గడ్డం అంటే మళ్ళీ గొడవ.

చివరికి దొరికిన ఆధారం ఒక్కటే. మా హాల్లో గోడ మీది ఫోటో. పెళ్ళైన కొత్తలో, అరువు తెచ్చిన కెమెరాతో నేనే తీశాను. గయ్యాళి పెద్ద చక్రం పక్కనే మా ఆవిడ నిలబడి ఉంటుంది. పైన ఇంజను కిటికీలోంచి మా మావగారి మోచెయ్యి మాత్రం కనిపిస్తుంది. నేను తీసిన ఫోటోల్లో అదే బాగా వచ్చింది.

మా మైక్రోమీటరు మాస్టారు ఆ ఫోటో కావాలన్నాడు. ఈయన ఫిట్టింగ్ ఫోర్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. కొలవందే దేన్నీ నమ్మడు. వాళ్ళావిడ ‘ఉప్పు సరిపోయిందా’ అంటే ‘ఎన్ని గ్రాములు వేశావు’ అంటాడు. నేను ఫ్రేము బాగుచేయిస్తానని మా ఆవిడకి చెప్పి, ఫోటో చంకలో పెట్టుకుని మేమంతా చేరే షెడ్డుకి పట్టుకెళ్ళాను. ఆయన దాని మీద ఎర్ర సిరాతో పైనుంచి కిందికి సమానంగా అడ్డగీతలు కొట్టాడు. ఒక గీత సరిగ్గా మా ఆవిడ ముక్కు మీంచి పోయింది.

“మాస్టారూ! ఫోటో పాడైపోయింది కదండీ!” అన్నాను.

“కొలత ముఖ్యమా, ముక్కు ముఖ్యమా? ఇదిగో చూడు. మీ ఆవిడ పదమూడు గీతలు. చక్రం పన్నెండు గీతలు. మీ ఆవిడ ఎత్తెంతో చెప్పు, చక్రం ఎత్తు చిటికెలో చెప్తాను.”

అర్థమైందిగా? ఎనభై టన్నుల ఇంజను మొత్తం మా ఆవిడ మీద ఆధారపడి ఉంది. మా ఇంటి సంగతి సరే సరి.

పైగా గురువారం సాయంత్రానికి అంకె చెప్పాలి. చక్రాలు పోతపోసే ఫౌండ్రీవాడు శనివారం కొలిమి వెలిగిస్తాడు. ఇనుము కరిగి అచ్చులో పడ్డాక, పొరపాటైందండీ అంటే వినదు.

సోమవారం పొద్దున ఏమీ ఎరగనట్టు అడిగాను. “ఏమోయ్, నీ ఎత్తెంత?”

“అయిదూ మూడు. ఎందుకు?”

“ఊరికే.”

“ఊరికే అడిగేవాళ్ళు గోళ్ళు కొరకరు. ఫోటో ఎప్పుడొస్తుంది?”

“ఫ్రేము వాడికి... జ్వరం.”

ఎందుకో చెప్పేస్తే పోయేదిగా అంటారు మీరు. చెప్తే ఫోటో ఏదంటుంది. ఫోటో చూపిస్తే ముక్కు మీద ఎర్రగీత ఏమిటంటుంది. వాళ్ళ నాన్న పోయాక ఆయన మోచెయ్యైనా మిగిలింది ఆ ఒక్క ఫోటోలోనే. నాకు అంత ధైర్యం లేదు.

మైక్రోమీటరుకి వెళ్ళి చెప్పాను. ఆయన లెక్కేసి పెదవి విరిచాడు. “యాభై ఎనిమిది అంగుళాలూ, ఇంకాస్తా వస్తోంది. చక్రాలు చేసేవాడు ఇలా చిల్లర అంకెలతో చేస్తాడా? మీ ఆవిడ చెప్పింది తప్పు.”

నాకూ అదే అనుమానం. అయిదూ మూడు అన్నది సంబంధం మాట్లాడినప్పుడు వాళ్ళవాళ్ళు చెప్పిన అంకె. పెళ్ళివారు చెప్పే ఎత్తూ, చేపలు పట్టేవాడు చెప్పే పొడుగూ ఎప్పుడైనా కొంత తగ్గించి వినాలి. నా ఎత్తు అయిదూ నాలుగు అని మావాళ్ళు చెప్పారు. నా సంగతి వేరు, అది నిజం. మా ఆవిడ దాంట్లో మాత్రం రెండంగుళాలైనా గాలి ఉంటుందని నా లెక్క. ఆ గాలి ఎంతో తేల్చాలి, ఆవిడకి తెలియకుండా.

మంగళవారం కార్యక్రమం మొదలుపెట్టాను. మా ఆవిడ పోట్లాడేటప్పుడు వంటింటి గుమ్మానికి ఆనుకుని నిలబడుతుంది. అది ఆవిడ స్థానం. కాబట్టి పోట్లాట పెట్టుకుంటే చాలు. కాఫీ చల్లారిందన్నాను. గుమ్మం దగ్గరికొచ్చింది. మాటల మధ్య చెయ్యి చాచి, ఆవిడ తల మీదుగా ద్వారబంధం మీద పెన్సిలుతో చిన్న గీత పెట్టాను.

“ఏమిటది?”

“దోమ.”

తరవాత కొలిస్తే అయిదూ రెండు. గాలి ఒక అంగుళమే. ఎందుకైనా మంచిదని సాయంత్రం మళ్ళీ పోట్లాట పెట్టాను. ఈసారి వాళ్ళ తమ్ముణ్ణి అన్నాను. కొలిస్తే అయిదూ అయిదు!

మీరు నమ్మరు, నేను దేన్ని తిట్టానో దాన్ని బట్టి ఆవిడ ఎత్తు మారుతోంది. కాఫీని అంటే అయిదూ రెండు, తమ్ముణ్ణి అంటే అయిదూ అయిదు. వాళ్ళ నాన్నని అంటే కప్పుకి తగులుతుందేమోనని ఆ ప్రయోగం మానేశాను. కోపంలో మునివేళ్ళ మీద లేచి ఉంటుందని, పెద్ద అంకెని కొట్టేశాను.

బుధవారం పొద్దున చూస్తే గుమ్మం మీద రెండు గీతలూ లేవు. వాటి కింద, అయిదడుగుల దగ్గర కొత్త గీత ఉంది. మధ్యాహ్నానికి అదీ పోయి, ఇంకో అంగుళం కింద ఇంకోటి వెలిసింది. మా ఆవిడ పూటకో అంగుళం చొప్పున కరిగిపోతోందా అని నాకు చెమటలు పట్టాయి. ఆవిడ మాత్రం తడిగుడ్డ పట్టుకుని, ఏదో కూనిరాగం తీస్తూ ద్వారబంధం తుడుస్తోంది.

ఇక నిలబడ్డ మనిషితో లాభం లేదు, పడుకున్న మనిషిని కొలవాలనుకున్నాను. మధ్యాహ్నం భోజనమయ్యాక ఆవిడకి కునుకు తీసే అలవాటుంది. స్టీలు టేపు పట్టుకుని పిల్లిలా వెళ్ళాను. కొస తీసి మంచం తలవైపు కమ్మీకి తగిలించాను. లాక్కుంటూ కాళ్ళ దాకా వచ్చాను. అంకె చదవబోతున్నాను, కమ్మీ దగ్గర కొస ఊడింది. ఆ టేపు ‘ఝుయ్’మంటూ మంచం పొడుగునా వెనక్కొచ్చి, నా బొటనవేలు కొరికి మరీ లోపలికెళ్ళింది. నేను కేక పెట్టాను. ఆవిడ లేచి కూర్చుంది.

నా చేతిలో టేపు, నేను కాళ్ళ దగ్గర.

“అంత తొందరగా ఉందా, నన్ను సాగనంపడానికి?”

“ఛ, ఛ! అవేం మాటలు! కొత్త మంచం చేయిద్దామని...”

“నాకొక్కదానికేనా మంచం? మీరెక్కడ పడుకుంటారు?”

“నేను... నిలబడతాను.”

ఆవిడ పక్కింటి గోడ దగ్గరికెళ్ళి పిలిచింది. పక్కింట్లో ఉండేది బాయిలర్‌గారు. మా క్లబ్బు మనిషే. నలభై ఏళ్ళు బాయిలర్లకి రివెట్లు కొట్టీ కొట్టీ చెవులు పోయాయి. ఆయనకి వినపడదు కాబట్టి ఎవరికీ వినపడదని నమ్మకం, అందుకని గుసగుస కూడా అరిచే చెప్తాడు.

“అన్నయ్యగారూ, ఈయన పడుకున్న మనిషిని టేపుతో కొలుస్తున్నారు. మతి చలించిందేమో చూడండి!”

ఆయనకి ఏం వినపడిందో గానీ, “డాక్టరుకి చూపించమ్మా!” అని అరిచాడు. అవతలి వీధిలోంచి ఎవరో “ఏ డాక్టరూ?” అన్నారు.

ఆ మాటతో నా బుర్రలో దీపం వెలిగింది. డాక్టరు దగ్గర ఎత్తు కొలిచే కర్ర ఉంటుంది కదా! “నిజమేనోయ్, ఇద్దరం ఒకసారి చూపించుకుందాం. నీకు నడుం నొప్పి కూడా ఉందిగా” అన్నాను. ఆ నడుం నొప్పి ఈనాటిది కాదు. ఇన్నేళ్ళుగా రాత్రిళ్ళు మందు రాసేది నేనే. ఆవిడ నా వంక ఒక చూపు చూసి, “పదండి” అంది. అంత తేలిగ్గా ఒప్పుకుంటే అనుమానించాలి. నేను అనుమానించలేదు.

ఆస్పత్రిలో నర్సమ్మ కర్ర దగ్గర నిలబడి ‘రండి’ అనగానే, మా ఆవిడ నన్ను ముందుకి తోసింది.

“ముందు ఆయన్ని చూడండి. రోగం ఆయనకే.”

నర్సమ్మ నా తల మీద చెక్క దించి, గట్టిగా చదివింది. “అయిదూ మూడు.”

“నాలుగు” అన్నాను.

“మూడు. మడమలు దించితే ఇంకా పావు తగ్గుతుంది.”

డాక్టరుగారు మంచివాడు. “వయసు మీద పడ్డాక ఒక అంగుళం తగ్గడం మామూలే” అని ఓదార్చాడు.

“ఆయన అప్పుడూ ఇంతేనండీ” అంది మా ఆవిడ. తన వంతు వచ్చేసరికి, “నాకేం రోగం లేదు, రోగం దగ్గర కాపురం చేస్తున్నానంతే” అని బయటికొచ్చేసింది.

గురువారం వచ్చేసింది. పొద్దున్నుంచీ కాలు గాలిన పిల్లిలా ఇంటికీ షెడ్డుకీ తిరిగాను. పేపరు తలకిందులుగా పట్టుకుని రెండు పేజీలు చదివాను. సాయంత్రం ఫౌండ్రీ మనిషి వచ్చి కూర్చున్నాడు, మావాళ్ళంతా నా మొహంలోకి చూస్తున్నారు. ఇక ఆగలేక, “అయిదూ ఒకటి! కచ్చితంగా!” అనేశాను. అయిదూ మూడులోంచి గాలి రెండు తీసేశానన్నమాట. మైక్రోమీటరు లెక్కేసి, యాభై ఆరు అంగుళాల చిల్లర అని గొణుగుతూనే, ఆ కొలతతో షెడ్డు గోడ మీద సుద్దముక్కతో నిలువెత్తు చక్రం గీశాడు. దాని కిందే ఫౌండ్రీ మనిషి కాగితం తీసి కలం విప్పాడు.

అప్పుడొచ్చింది మా ఆవిడ. వెనకాలే బాయిలర్‌గారు, తలొంచుకుని. ఎవరికీ చెప్పొద్దని నేను చెప్పిన రహస్యాన్ని ఆయన తన భార్యకి గుసగుసగా చెప్పాడట. “వాడికి పెళ్ళాం ఎత్తు కావాలిట! చెప్పినదాంట్లో రెండంగుళాలు గాలిట!” అన్న గుసగుస మా వంటింట్లోకే కాదు, ఇస్త్రీ బండి దాకా వినపడింది.

ఆవిడ నన్ను చూడలేదు. బల్ల మీది ఫోటో చూసింది. ముక్కు మీది గీతనీ, వాళ్ళ నాన్న మోచేతినీ వేలితో తడిమింది. తరవాత గోడ మీది చక్రం దగ్గరికెళ్ళి కాసేపు నిలబడింది.

“ఇదేమిటి?”

“గయ్యాళి పెద్ద చక్రం, చెల్లెమ్మా” అన్నాడు మైక్రోమీటరు.

“కాదు. ఇది దాని పిల్ల చక్రం. మా నాన్న ఇంజను ఇంత గిడసది కాదు.”

“మీ ఆయన చెప్పిన అంకె ప్రకారమే...”

“ఆయన అంకె సంగతి నిన్న ఆస్పత్రిలో తేలింది లెండి.” చెప్పులు విప్పింది. గోడకి వీపు ఆనించింది. ఒక్కసారి ఊపిరి పీల్చి, భుజాలు వెనక్కి లాగి, నిటారుగా నిలబడింది. “కొలవండి మాస్టారూ.”

మడమలు నేల మీదే ఉన్నాయి, నేను వంగి చూశాను. నలభై ఏళ్ళుగా పక్కన తిరిగిన మనిషే. కానీ ఇంత పొడుగు మనిషిని నేనెప్పుడూ చూడలేదు. మైక్రోమీటరు టేపు పెట్టి ఒకసారి కాదు, మూడుసార్లు కొలిచాడు.

“అయిదూ అయిదు. అరవై అయిదు అంగుళాలు. పదమూడు గీతలకి గీతకి అయిదు చొప్పున.” ఆయన సుద్దముక్క అందుకున్నాడు. “చక్రం పన్నెండు గీతలు. అంటే అరవై. సరిగ్గా అయిదడుగులు! చిల్లర లేదు!”

షెడ్డంతా చప్పట్లు. బాయిలర్‌గారు ఏం జరిగిందో వినపడకపోయినా అందరికంటే గట్టిగా కొట్టాడు. ఫౌండ్రీ మనిషి అరవై అని రాసుకుని వెళ్ళిపోయాడు. నేను నీడలోకి జరిగాను.

ఇంటికి నడుస్తున్నాం. ఆవిడ నిటారుగానే నడుస్తోంది. నేను పక్కన రెండడుగులు వెనగ్గా.

“ఫోటో సంగతి తప్పే. కానీ అడిగితే అయిదూ మూడని ఎందుకు చెప్పావు?”

“ఎందుకో చెప్పకుండా ఊరికే అడిగారు. ఊరికే అడిగితే చెప్పడానికి పెట్టుకున్న అంకె అది.”

“మరి మీవాళ్ళు కూడా...”

“నేనే చెప్పించాను. అబ్బాయి అయిదూ నాలుగన్నారు, అంటే మూడేనని మా నాన్న చూడగానే చెప్పాడు. నాకు మీరు నచ్చారు. రెండంగుళాల కోసం సంబంధం పోగొట్టుకుంటామా?”

నేను నా చెప్పుల వంక చూసుకున్నాను.

“పెళ్ళైన వారానికి మీరు చెప్పుల కొట్లో ‘కాస్త మడమ ఎత్తువి చూపించవయ్యా’ అని వాణ్ణి పక్కకి పిలిచి అడిగారు. నేను చూశాను. జాలేసింది. ఆ రోజు నుంచీ మీ పక్కన కాస్త వంగి నడుస్తున్నాను. ఆ ఫోటోలో ఒక్కదాంట్లోనే తిన్నగా నిలబడ్డాను. మీరు కెమెరా వెనకాల ఉన్నారు కదా.”

ఇన్నేళ్ళుగా రాస్తున్న నడుం నొప్పి మందు ఎవరి వల్ల ఖర్చయిందో అప్పుడు తెలిసింది. సిగ్గేసింది. దానికంటే ఎక్కువగా, ఆ నడుం మీద చెయ్యేసి క్షమించమని అడగాలనిపించింది. వీధిలో ఉన్నాం కాబట్టి దగ్గాను.

“మరి గుమ్మం మీద గీతలు?”

“అవి నేనే పెట్టాను. సరదాకి.”

“ఇకనుంచి కూడా వంగుతావా?”

“వంగను. మా నాన్న ఇంజను కోసం పదిమందిలో నిలబడ్డాక ఇంకేం వంగుతాను? మీరే అలవాటు చేసుకోండి.”

రెండు నెలలకి చక్రాలొచ్చాయి. అయిదడుగులు, నల్లగా, నిగనిగలాడుతూ. కొత్త గయ్యాళికి మొట్టమొదటి అవయవం కదా, ఫోటో తీయించాలన్నారు. కెమెరా ఇటివ్వండి, నేను తీస్తానన్నాను. మా ఆవిడ నా మోచెయ్యి పట్టుకుని లాక్కొచ్చి, చక్రం పక్కన తన పక్కనే నిలబెట్టింది.

ఫోటోగ్రాఫరు ‘రెడీ’ అనగానే, అలవాటు కొద్దీ నేను నెమ్మదిగా మునివేళ్ళ మీదికి లేచాను. ఆవిడ ముందుకే చూస్తూ, నవ్వు చెదరనివ్వకుండా, నా భుజం మీద చెయ్యేసి కిందికి నొక్కింది.

“మడమలు దించండి. ఇంకో యాభై ఏళ్ళకి ఎవరైనా ఈ ఇంజను మళ్ళీ కట్టాలనుకుంటే, మిమ్మల్ని చూసి కొలత తీస్తారు.”

మడమలు దించాను.